మేస్త్రమ్మ చేతి చుక్కలు

మేస్త్రమ్మకి కోపం ఎప్పుడొస్తుందని అద్దకం షెడ్డులో ఎవరూ అడగరు. ఎప్పుడు పోతుందని అడుగుతారు. నూలు కట్ట తొట్టిలో ఒక పక్కకి వాలితే కోపం, ఆవిరి ముందే వదిలితే కోపం, టీ చల్లారితే కోపం. ఆవిడ కేక వేస్తే ఉడికే రంగు కూడా పొంగడం మానేస్తుందని పనివాళ్ళు నవ్వుకునేవారు. అదే పనివాళ్ళలో ఒకరికి ఒంట్లో బాగాలేదంటే ఇంటికి తరిమేసి, వాళ్ళ తొట్టి దగ్గర తనే నిలబడేది. తిడుతూనే నిలబడేది, అది వేరే సంగతి.

ఆవిడ చేతుల గురించి చెప్పాలి. వేళ్ళ వెనక నుంచి మణికట్టు దాకా చిన్న చిన్న చుక్కలు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి, నువ్వులూ ఆవాలూ కలిపి చల్లినట్టు. పాదాల మీదా అంతే. ఆవిడ తండ్రికీ ఉండేవి, తండ్రి తల్లికీ ఉండేవి. ఇంటిల్లిపాదీ అద్దకం పనిలోనే పుట్టి పెరిగారు గనక అవెక్కడివని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. బ్లీచింగ్ మందు చిందితే తెల్ల చుక్క, రంగు చిందితే నల్ల చుక్క. ఆవిడ అన్న ఒకడు ఈ పని గిట్టక బస్సు డ్రైవరయ్యాడు. స్టీరింగు పట్టుకున్న ఆ చేతుల మీదా అవే చుక్కలు. "చిన్నప్పుడు తొట్టిలో కాగితం పడవలు వదిలాడుగా" అని సరిపెట్టేశారు. తొట్టిలో పడవలు వదలని పిల్లలు ఆ ఇంట్లో లేరు కాబట్టి ఆ సరిపెట్టుడు అందరికీ సరిపోయింది.

పైగా ఆ చుక్కలు ఆవిడకి అన్నం పెట్టాయి. ఆ రోజుల్లో కొత్తవాళ్ళు పనికోసం వస్తే షెడ్డు ఓనరు పేరూ ఊరూ అడిగేవాడు కాదు. "చేతులు తిరగెయ్యి" అనేవాడు. మచ్చ లేని చెయ్యి కనిపిస్తే "ఇంటికెళ్ళి నిద్రపో" అని పంపేసేవాడు. మేస్త్రమ్మ, అప్పటికింకా రెండు జడల పిల్ల, చేతులు తిరగేసి చూపించగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఏ షెడ్డులో చేశావే నువ్వు?" అన్నాడు. ఈ పిల్ల అంతవరకూ ఏ షెడ్డులోనూ చెయ్యలేదు. అయినా "చాలా చోట్ల" అంది. అలా బ్లీచింగ్ తొట్టి దగ్గర మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి ఆవిరిలో ఉడికి, షెడ్డుకంతా మేస్త్రమ్మ అయింది. మొగుడు త్వరగా పోయాడు. ఉన్న ఒక్క కూతుర్నీ ఆ ఆవిరిలో పడెయ్యకుండా చదివించి, కళ్ళద్దాల షాపులో ఉద్యోగానికి పంపింది. కూతురి చేతుల మీదా చుక్కలున్నాయి. ఆ అమ్మాయి వాటికి సిగ్గుపడి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేది. "పని చేసే ఇంటి చేతులే అవి, దాచుకోవడానికి అవేమైనా దొంగసొత్తా?" అని తల్లి కేకలేసేది.

కూతురు లిఫ్టుల మెకానిక్ ఒకతన్ని ఇష్టపడి చేసుకుంది. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే అత్తగారు మీదపడి అరుస్తున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. అతని తల్లి బేకరీ నడిపేది. పొద్దున్నే పిండి కలపడం, మధ్యాహ్నం కౌంటరు దగ్గర కూర్చోవడం. తెల్లటి, నున్నటి చేతులు. మొదటిసారి కలిసినప్పుడు మేస్త్రమ్మ చెయ్యి చూసి, "ఇవి కడిగితే పోవా వదినగారూ?" అనడిగింది ఆవిడ. మేస్త్రమ్మ నవ్వి, "మీకంటిన పిండి కడిగితే పోతుంది. మాకంటింది పోదు" అంది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకునేలా చేసిందో చెప్పలేం.

మనవరాలు పుట్టింది. ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచేవారు. ఆ పిల్ల కుదురుగా కూర్చున్న ఫోటో ఒక్కటి కూడా లేదు, అన్నిటిలోనూ చెదిరిపోయే ఉంటుంది. కూతురూ అల్లుడూ పనికెళ్తే పిల్ల అమ్మమ్మ దగ్గర. అంటే షెడ్డు దగ్గర. తొట్టెల వైపు రానిచ్చేది కాదు మేస్త్రమ్మ, ఆ విషయంలో నిప్పులు కక్కేది. ఆరేసిన నూలు వరసల మధ్య మాత్రం ఆడుకోనిచ్చేది. తడి నూలు కింద నుంచి దూరి, ఇంకో పక్క నీలం నీళ్ళు కారుతున్న జుట్టుతో బయటికొచ్చి "బూ" అనేది పిల్ల. పనివాళ్ళంతా బెదిరినట్టు నటించాలి. నటించని వాణ్ని మేస్త్రమ్మ ఊరుకునేది కాదు.

మూడో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, ఆ వారం వీధిలో సగం మంది పిల్లలకి వచ్చిందే. మిగతా పిల్లలకి తగ్గింది, వాళ్ళు మళ్ళీ సైకిళ్ళెక్కారు. పిడుగుకీ జ్వరం తగ్గింది. కానీ మంచం దిగబోయి పడిపోయింది. లేపితే కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వచ్చేశాయి. కుడి చెయ్యి లోపలికి మెలి తిరిగిపోయింది. అప్పటికే గడగడా మాట్లాడే పిల్ల, ఏదో చెప్పబోయి చెప్పలేక వెక్కివెక్కి ఏడ్చింది. మెదడుకి తీసిన స్కాన్‌లో, లోపల రెండు పక్కలా, కదలికల్ని అదుపు చేసే చోట దెబ్బ తగిలిందని తేలింది. ఎందుకు తగిలిందన్న దానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. "వైరస్ ఏదో అయ్యుంటుంది" అన్నాడు ఒక డాక్టరు. "అయ్యుంటుంది అనడానికి నువ్వెందుకయ్యా, నేనూ అనగలను" అని మేస్త్రమ్మ మొహం మీదే అనేసింది. కూతురు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది తిరుగుడు. ఒక ఆసుపత్రిలో లిఫ్టు పనిచెయ్యదు, పిల్లని ఎత్తుకుని మెట్లెక్కాలి. ఇంకో చోట పెద్ద డాక్టరు ఉండడు, చిన్న డాక్టరు పెద్దాయన్ని అడగాలంటాడు. ఎక్కడికెళ్ళినా మొదట్నుంచీ చెప్పాలి. జ్వరం ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పడిపోయింది, పుట్టినప్పుడు ఏడ్చిందా. చెప్పి చెప్పి కూతురికి గొంతు పోయేది. ప్రతి చోటా అడిగే ప్రశ్నలు రెండుండేవి. "మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా ఏమైనా జబ్బులున్నాయా?" ఏమీ లేవు అని అందరూ కలిసి చెప్పేవారు. తర్వాత డాక్టరు చూపు మేస్త్రమ్మ చేతుల మీద పడేది. "ఇవేమిటి?"

"రంగులండీ. అద్దకం పని మాది."

"మరి తల్లి చేతుల మీద?"

"చిన్నప్పుడు షెడ్డులోనే పెరిగిందండీ."

ఇంకేముంది, అందరూ అదే దారి పట్టారు. పిల్ల షెడ్డులో ఆడుకునేదా, ఏ మందులు వాడతారు, సీసం ఉందా, పాదరసం ఉందా. పిల్ల రక్తం తీశారు, వెంట్రుకలు కత్తిరించారు. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఇంకో చోట మళ్ళీ తీశారు. మళ్ళీ ఏమీ లేదనే వచ్చింది. కానీ ఒకసారి మనసులో పడ్డ అనుమానం రిపోర్టు చూసి బయటికి పోతుందా? అల్లుడు మొదటిసారి నోరు విప్పాడు. "రిపోర్టులో రానంత మాత్రాన లేనట్టు కాదు కదా అత్తయ్యా" అన్నాడు. మేస్త్రమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏమీ అనలేకపోయింది. ఎందుకంటే తనకీ అదే భయం.

నాలుగో ఏడు వచ్చాక పిడుగు చేతుల మీద చుక్కలు కనబడ్డాయి. ముందు వేళ్ళ మీద, తర్వాత పాదాల మీద. చూసింది నాన్నమ్మే. పిల్లకి స్నానం చేయిస్తూ చూసి, తువ్వాలు చుట్టి, కొడుకునీ కోడల్నీ మేస్త్రమ్మనీ పిలిచి, దీపం వెలుగులో పెట్టి చూపించింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి" అంది.

ఏమీ అనుకోకండి అని మొదలుపెట్టినవాళ్ళు అనుకోవాల్సిందే అంటారు, అందులో తేడా ఉండదు.

"ఇది షెడ్డుకెళ్ళడం మానేసి ఏడాది దాటింది. ఇప్పుడొచ్చాయి చూడండి. అంటే ఆ మందు లోపలుండి బయటికి తన్నుతోంది. అది మీ చేతుల్లో ఉంది. మీ బట్టల్లో ఉంది. మీరు ముద్దు చేస్తున్నారనే అనుకుంటున్నారు, నేను కాదనను. కానీ ఇంక దీన్ని ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను."

మేస్త్రమ్మ కూతురి వంక చూసింది. కూతురు తన చొక్కా చేతుల్ని ఇంకా కిందికి లాక్కుంది. అల్లుడు గోడ వంక చూశాడు. షెడ్డుని గడగడలాడించిన మనిషి ఆ రోజు మారు మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పని మానేసింది. ఓనరు కొడుకు ఇంటికొచ్చి బతిమాలాడు, వినలేదు. షెడ్డు బట్టలు తగలబెట్టింది. రాయితో చేతులు తోమింది, తోలు లేచేదాకా తోమింది. నిమ్మచెక్కలు రుద్దింది. ఎవరో చెప్పిన క్రీములు పూసింది. గోళ్ళ కింద నీలం పోయింది, వేళ్ళ సందుల్లో పసుపు పోయింది, ముప్పై ఏళ్ళ వాసన పోయింది. చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే. "పోవేం, పోవేం" అని వాటితో పోట్లాడేది. పక్కింటావిడ కిటికీలోంచి విని, ఎవరొచ్చారు అనడిగింది. "నా ఖర్మ వచ్చింది, కూర్చోపెట్టి మాట్లాడుతున్నా" అంది మేస్త్రమ్మ.

అయినా మనవరాల్ని చూడకుండా ఉండలేకపోయేది. వెళ్ళి గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చునేది. పిల్ల లోపల పరుపు మీద. ఇద్దరి మధ్యా గది. బొమ్మ ఏదైనా తెస్తే స్టూలు మీద పెట్టి లేచేది, కూతురు వచ్చి తుడిచి పిల్లకిచ్చేది. తుడవడం చూడకూడదని మేస్త్రమ్మ ముందే మొహం తిప్పుకునేది. మొదట్లో పిడుగు ఆవిడ వైపు పాకబోయేది. నాన్నమ్మ వెనక్కి తీసుకుని, "వద్దమ్మా. అమ్మమ్మ చేతికి మందుంది" అనేది. అది కోపంతో అనేది కాదు, పొయ్యి దగ్గరికెళ్ళే పిల్లకి చెప్పినట్టే చెప్పేది. తర్వాత్తర్వాత పిల్ల పాకడం మానేసింది.

అలా ఉండగా రెండోసారి జ్వరం వచ్చింది. ఈసారి పిల్లకి మింగడం కూడా కష్టమైంది. పెద్దాసుపత్రిలో చేర్చారు. మేస్త్రమ్మ వార్డు తలుపు దగ్గరే నిలబడింది, ఎప్పట్లాగే. పొద్దున్న రౌండ్లకి వచ్చిన డాక్టరమ్మ వంశపారంపర్య జబ్బులు చూసే మనిషి, వయసులో చిన్నది, నిద్ర చాలక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పిల్లని చూసింది, తల్లిని చూసింది. తలుపు వైపు తిరిగింది.

"అమ్మమ్మగారా? అక్కడే నిలబడ్డారేం?"

"నేను దగ్గరికి రాకూడదమ్మా."

"ఎవరు చెప్పారు?"

నాన్నమ్మ దుప్పటి సర్దింది. డాక్టరమ్మే తలుపు దగ్గరికి వచ్చింది.

"చేతులేమిటి ఇలా ఉన్నాయి?"

"రంగులండీ. అద్దకం పని."

"ఇప్పుడూ చేస్తున్నారా?"

"మానేశాను. దీనికిలా అయిందని."

"మానేశాక తగ్గాయా?"

"ఎలా తగ్గుతాయమ్మా, ఒంట్లోకి దిగిపోయాక?" విసుగ్గానే అంది. ఎంతమందికని చెప్పాలి?

డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. మేస్త్రమ్మ ఉలిక్కిపడి లాక్కోబోయింది, ఆ అమ్మాయి వదల్లేదు. వెనక్కి తిప్పి చూసింది, ముందుకి తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది.

"అరచేతిలో ఏమీ లేదే?"

"అరచేతిలో రావండీ."

"మీరు రంగులో చెయ్యి పెట్టినప్పుడు ముందు ఎక్కడ అంటుతుంది?"

"అరచేతికే. కట్ట పట్టుకునేది దాంతోనే కదా" అని కొత్తగా పనిలో చేరినవాళ్ళకి చెప్పినట్టు టపీమని చెప్పేసింది మేస్త్రమ్మ. చెప్పి, తన అరచెయ్యి తనే తిప్పి చూసుకుంది.

షెడ్డులో ఎన్ని చేతులు చూసింది ఆవిడ! ఎర్రటి అరచేతులు, నీలం అరచేతులు, మందుకి బొబ్బలెక్కి తోలూడిన అరచేతులు. పని చేసేవాడి చెయ్యి ముందు పాడయ్యేది అరచేతిలోనే. తన అరచేతులకంటిన రంగు పని మానేశాక పోయింది, ఇప్పుడవి బేకరీ ఆవిడ చేతుల్లా తెల్లగా ఉన్నాయి. తండ్రికీ చుక్కలు చేతి వెనకే ఉండేవి, అరచేతిలో ఒక్కటీ లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చేతులు చూసి మనుషుల్ని పనిలో పెట్టుకున్న మేస్త్రమ్మ ఇన్నాళ్ళూ తన చేతులు మాత్రం చూసుకోలేదు.

డాక్టరమ్మ కూతురి చొక్కా చేతులు పైకి లాగింది. పిల్ల చెయ్యి తీసి పక్కన పెట్టింది. ముగ్గురి చేతులూ ఒకే దుప్పటి మీద. పైన ఒకే తీరు చుక్కలు, కింద ముగ్గురికీ శుభ్రమైన అరచేతులు. తర్వాత పాదాలు చూసింది. "షెడ్డులో కాళ్ళకి ఏమేసుకుంటారు?" అని అడిగింది. "మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు" అంది మేస్త్రమ్మ, ఈసారి చాలా చిన్న గొంతుతో.

"ఇవి రంగులు కావమ్మా. ఇవి మీ వంశంలో వస్తున్నవి, కాస్త పెద్దయ్యాక బయటపడతాయి" అంది డాక్టరమ్మ.

పిల్లదీ తల్లిదీ తండ్రిదీ రక్తం పంపించారు. జవాబు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలు మేస్త్రమ్మ ఎలా గడిపిందో తలుచుకుంటే ఇప్పటికీ ఇరుగుపొరుగు వాళ్ళకి భయమే. ఊరికే తలుపులు దభాలున వేసేది. నేరం తనది కాదని సంతోషించాలో, తన రక్తానిదే అని ఏడవాలో తెలియక ఆ రెంటికీ కలిపి కోపం తెచ్చుకునేది. అన్నిటికన్నా ఎక్కువ ఒళ్ళు మండింది తన జవాబు మీద. ఎంతమంది డాక్టర్లు అడిగారు! ప్రతివాడూ వేలు పెట్టి మరీ చూపించి ఇదేమిటని అడిగాడు. ప్రతివాడికీ తనే, అడ్డం పడి, అడగడం పూర్తవకముందే, రంగులండీ రంగులండీ అని చెప్పి పంపేసింది.

జవాబు వచ్చిన రోజు నలుగురూ డాక్టరమ్మ గదికి వెళ్ళారు. గది చిన్నది, కుర్చీలు మూడే. మేస్త్రమ్మ నిలబడింది. దెబ్బతిన్న జన్యువు పేరు ఏడార్ అని చెప్పింది డాక్టరమ్మ. అదేం చేస్తుందో చెప్పబోయి, ఆగి, మేస్త్రమ్మని అడిగింది.

"మీ షెడ్డుకి ఎవరెవరివో నూలు కట్టలు వస్తాయి కదా. ఏది మీదో ఎలా తెలుస్తుంది?"

"గుర్తు వేస్తాం. గుర్తు లేనిది గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు."

"ఒంట్లోనూ అంతే. ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే కబుర్లు ప్రతి కణంలోనూ నకళ్ళుగా తయారవుతుంటాయి. వాటిని ఆర్‌ఎన్‌ఏ అంటాం. ఈ జన్యువు చేసే పని ఏమిటంటే, ఆ నకళ్ళలో అక్కడక్కడా ఒక అక్షరం దిద్దుతుంది. ఆ దిద్దుబాటే గుర్తు. దాన్ని చూసి ఒంటికి కాపలా కాసే వ్యవస్థ ఇది మనదేనని ఊరుకుంటుంది. పాపకి ఆ దిద్దే పని సరిగా జరగట్లేదు. గుర్తు లేని సొంత సరుకుని చూసి కాపలావాడు వైరస్ వచ్చిందనుకుని గోల పెడుతున్నాడు. నిజంగా జ్వరం వచ్చినప్పుడు ఆ గోల మరీ పెద్దదై, మెదడుని కాల్చేస్తోంది."

"అయితే ఇది వదినగారి వైపు నుంచి వచ్చిందన్నమాట" అంది నాన్నమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు, తీరిపోయిన లెక్కలాగా అంది.

"సగం" అంది డాక్టరమ్మ. "ప్రతి జన్యువూ మనకి రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. అమ్మ నుంచి వచ్చింది ఈ చుక్కలు తెచ్చేది. అదొక్కటే అయితే వీళ్ళందరిలాగే చుక్కలతో హాయిగా బతికేది. నాన్న నుంచి వచ్చిన ప్రతిలో కూడా ఒక లోపం ఉంది. అది చర్మం మీద కనబడదు. ఒక్కటే ఉంటే ఎవరికీ ఏమీ చెయ్యదు. పాపకి రెండూ కలిశాయి."

లిఫ్టుల మెకానిక్ తన చేతుల వంక చూసుకున్నాడు. మచ్చ లేని చేతులు.

"మా వైపు ఎవరికీ ఏమీ లేదమ్మా" అంది అతని తల్లి. "కావాలంటే ఎవర్నైనా అడగండి."

"ఏమీ ఉండదండీ. అదే చెప్తున్నా. మీ పరీక్ష కూడా చేస్తే మీ నుంచి వచ్చిందో, మీవారి నుంచి వచ్చిందో తెలుస్తుంది. చెయ్యకపోయినా ఫరవాలేదు."

"నాకెందుకు పరీక్ష? ఉంటే ఆయనకే ఉండుంటుంది" అంది ఆవిడ. పోయినాయన పోయాడు గనక కాదనడానికి లేడు.

పిల్లకి ఒక మాత్ర మొదలుపెడతానంది డాక్టరమ్మ. కీళ్ళ వాతానికి వాడేదే, ఆ కాపలావాడి గోలని తగ్గిస్తుంది. కాలిపోయింది తిరిగి రాదు. ఇకపై కాలకుండా ఆగవచ్చు, ఆగుతుందని మాట మాత్రం ఇవ్వలేను అంది. జ్వరం వస్తే గంట కూడా ఆగకుండా తీసుకురావాలంది. "ముందే తెలిసుంటే?" అని అడిగింది కూతురు. డాక్టరమ్మ, "రెండో జ్వరానికి ముందే మొదలుపెట్టేవాళ్ళం" అంది.

బయటికొచ్చాక వరండాలో అల్లుడు అత్తగారి పక్కన నడుస్తూ, "పోనీలెండి అత్తయ్యా. మనకేం తెలుసు" అన్నాడు.

ఆ పోనీలెండి వినేసరికి మేస్త్రమ్మకి రెండేళ్ళ కోపం ఒక్కసారి లేచింది. "ఏది పోనివ్వమంటావు బాబూ? పిల్లని రెండేళ్ళు గుమ్మం అవతల నుంచి చూశాను. అది పోనివ్వనా? నేను తెచ్చిన బొమ్మని నా కూతురు నా ఎదురుగా గుడ్డ పెట్టి తుడిచింది. అది పోనివ్వనా? నేను నోరు మూసుకుని ఉంటే ఆ మొదటి డాక్టరే కనిపెట్టేవాడు. నోరు మూసుకోవాల్సిన చోట వాగాను, వాగాల్సిన చోట మూసుకున్నాను. దేన్ని పోనివ్వను?" వరండాలో జనం తిరిగి చూశారు. అల్లుడు తలొంచుకున్నాడు. వెనక వస్తున్న నాన్నమ్మ సంచిలో ఏదో వెతుక్కుంది. ఎవరూ తప్పయిందని అనలేదు. అంటే మాత్రం ఏం చేసేదో మేస్త్రమ్మకే తెలీదు.

ఆ సాయంత్రం తిన్నగా కూతురింటికి వెళ్ళింది. గుమ్మం దగ్గర స్టూలు ఉంది, దాన్ని దాటింది. పరుపు దగ్గర చతికిలబడింది. పిడుగు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఐదేళ్ళ పిల్ల, మూడేళ్ళ పిల్లంత బరువు. మేస్త్రమ్మ రెండు చేతులూ చాచింది.

పిల్ల ఆ చేతుల వంక చూసింది. మాటలు కష్టం మీద, ముద్దముద్దగా వస్తాయి దానికి.

"వద్దు" అంది. "మందు."

అని, తన చేతులు రెండూ గబగబా దుప్పటి కిందికి దాచేసుకుంది. అమ్మమ్మ చేతుల మీదున్నవే తన చేతుల మీదా ఉన్నాయని దానికి ఎప్పుడో తెలుసు. తన చేతుల్ని ఎవరికీ అంటకుండా ఎన్నాళ్ళ నుంచి దాస్తోందో ఇంట్లో ఎవరూ గమనించలేదు. మెలి తిరిగింది కదా, అందుకే లోపల పెట్టుకుంటోందనుకున్నారు.

మేస్త్రమ్మ చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. "మందు కాదే తల్లీ" అంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పొచ్చు, గేటూ వాచ్‌మనూ గుర్తూ. ఐదేళ్ళ పిల్లకి అదంతా ఏం కావాలి?

గది మూల నుంచి నాన్నమ్మ లేచి వచ్చింది. బేకరీ నుంచి అలాగే వచ్చినట్టుంది, మోచేతి మీద పిండి ఎండిపోయి ఉంది. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ మేస్త్రమ్మ పక్కన కూలబడింది. వదినగారి వంక చూడలేదు. చూడకుండానే ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంది.

"ఇదిగో, చూడు. నేను పట్టుకున్నాను. ఏమైంది నాకు?" అంది పిల్లతో.

పిల్ల కళ్ళు విప్పార్చి చూసింది. అమ్మమ్మ చెయ్యి చూసింది, నాన్నమ్మ చెయ్యి చూసింది. దానికి జాలేసింది. మొహం అంతా ముడుచుకుని, ఒక్కో మాటే కూడదీసుకుని,

"నాన్నమ్మకీ... మందు" అంది.

మేస్త్రమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. నాన్నమ్మ వదల్లేదు. డాక్టరమ్మ గదిలో ఒప్పుకోనిది, పోయినాయన మీదికి తోసేసింది, ఇప్పుడు ఈ పిల్ల ముందు ఎటూ తోయడానికి లేదు.

"అవునమ్మా" అంది చివరికి. "నాకూ ఉంది. నాన్నకీ ఉంది. అందరికీ ఉంది. ఇంక నువ్వు దాచుకోకు."

దుప్పటి కొద్దిగా కదిలింది.